ఆకు నుంచి ప్రొటీన్ తీయాలంటే ఏది వాడాలి: ఉత్త బఫరా, ఎస్‌డీఎస్సా, టీసీఏనా, ఫినాలా?

ఏటా జనవరిలో మా ల్యాబుకి ఎమ్మెస్సీ ప్రాజెక్టు పిల్లలు వస్తారు. బెంగళూరు కదా, నలుగురు వస్తే ఇద్దరు మనవాళ్ళే ఉంటారు. హిందూపురం, మదనపల్లె, కర్నూలు వైపు వాళ్ళు. వారం తిరగకుండానే ఎవరో ఒకరు నా బెంచీ పక్కన నిలబడి "అక్కా, ప్రొటీన్ ఎక్స్‌ట్రాక్షన్ ప్రోటోకాల్ ఉంటే పంపిస్తారా?" అంటారు. పంపడానికి నా దగ్గర ఏడు ఉన్నాయి. ఒక ఆకుకి బ్రహ్మాండంగా పనిచేసింది ఇంకో ఆకుకి అస్సలు పనిచేయదు. ఈసారి అడిగిన అమ్మాయి చేతిలో ఉన్నది గోంగూర.

ఆమె అప్పటికే ఒకసారి ప్రయత్నించింది. పాత సీనియర్ నోట్‌బుక్‌లో ఉన్న ట్రిస్ బఫర్ (పీహెచ్ మారకుండా నిలబెట్టే ద్రావణం) పోసి నూరింది. ట్యూబులో వచ్చింది ముక్కు చీదినట్టున్న జిగురు, దాని రంగు ఉడికించిన గోంగూర రంగు. ఆ సీనియర్ పనిచేసింది పొగాకు మీద. పొగాకు లేత ఆకు మెత్తన, పులుపు లేదు, లోపల గోంగూరంత జిగురు లేదు. అక్కడ నడిచిన బండి ఇక్కడ దిగబడింది.

అందుకే ఎవరడిగినా ముందు రెండు సంగతులు చెప్పమంటాను. ఆకు ఏది? తీసిన ప్రొటీన్‌తో చివర ఏం చేస్తావు? ఎంజైమ్ పనిచేస్తుందో లేదో చూడాలా, వెస్టర్న్ బ్లాట్ (ఒక ప్రొటీన్‌ని యాంటీబాడీతో పట్టి చూడటం) చేయాలా, టూ-డీ జెల్ (ప్రొటీన్లని విద్యుదావేశాన్ని బట్టి, సైజుని బట్టి రెండు దిక్కులా విడదీయడం) నడపాలా, మాస్ స్పెక్‌కి (ముక్కల బరువుని బట్టి ప్రొటీన్‌ని గుర్తుపట్టే యంత్రం) పంపాలా, లేక గింజలో ప్రొటీన్ ఎంత శాతమో తెలిస్తే చాలా? ఈ రెండిటికీ జవాబు వస్తే పద్ధతి దాదాపు అదే తేలిపోతుంది.

చివరి ప్రశ్న గురించి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే దీనివల్ల నెలలు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను. మీకు కావలసింది "ఈ వేరుశనగ రకంలో ప్రొటీన్ ఎంత?" అన్నంత మాత్రమే అయితే అసలు ఎక్స్‌ట్రాక్షన్ వద్దు. పొడి చేసి కెల్డాల్ పద్ధతిలో నైట్రోజన్ కొలిపించండి. 1883 నాటి పద్ధతి, ఇప్పటికీ ఆహార ల్యాబుల్లో అదే ప్రమాణం. నైట్రోజన్ శాతాన్ని మామూలుగా 6.25తో హెచ్చిస్తారు, కానీ వేరుశనగకి వాడాల్సింది 5.46. నైట్రోజన్ 4.8 శాతం వచ్చిందనుకోండి, ఒక లెక్కలో ప్రొటీన్ 30 శాతం, రెండో లెక్కలో 26.2. అనంతపురం నుంచి మూట తెచ్చిన కాయలు అవే, తేడా అంతా మీరు ఎంచుకున్న అంకెలోనే ఉంది.

ఆకు ఎందుకు ఇంత సతాయిస్తుంది

ఎలుక కాలేయం మీద పనిచేసే మా స్నేహితురాలు ఒకతి "ఒక బఫర్ పోసి గ్రైండ్ చేస్తే అయిపోదా?" అంటుంది. కాలేయంలో అయిపోతుంది. ఆకు కణం సంగతి వేరు. పెరిగిన ఆకు కణంలో చాలా భాగం వాక్యూల్ అనే నీటి తిత్తే, కొన్నిటిలో తొంభై శాతం దాకా. ఆ తిత్తిలో మొక్క తనకి అక్కర్లేనివీ, పురుగుల్ని తరమడానికి దాచుకున్నవీ ఉంటాయి: ఆమ్లాలు, టానిన్లు, ఫినాలిక్ పదార్థాలు, ప్రొటీన్‌ని ముక్కలు చేసే ప్రొటియేజులు. ఆకు బతికున్నంతకాలం ఇవన్నీ గోడల మధ్య ఉంటాయి. మీరు కల్వంలో నూరిన క్షణాన గోడలు కూలి అన్నీ కలిసిపోతాయి.

వంకాయ తరిగి ఉప్పునీళ్ళలో వేయకపోతే ఏమవుతుందో వంటింట్లో అందరికీ తెలుసు. ఆ నల్లబడటమే మీ ట్యూబులోనూ జరుగుతుంది. పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ గాలిలోని ఆక్సిజన్‌తో ఫినాలిక్‌లను క్వినోన్లుగా మారుస్తుంది, ఆ క్వినోన్లు పోయి ప్రొటీన్‌కి గట్టిగా అతుక్కుంటాయి. అతుక్కున్నాక కడిగినా పోవు. ప్రొటీన్లని సైజు ప్రకారం విడదీసే జెల్ మీద బ్యాండ్లు ఉండాల్సిన చోట పైనుంచి కిందకి గోధుమరంగు మరక కనబడితే సాధారణంగా కారణం ఇదే. మామిడి ఆకు, జామ ఆకు, టీ ఆకు ఈ విషయంలో పేరుమోసినవి.

ఇంకొకటి రుబిస్కో. కార్బన్ డయాక్సైడ్‌ని పట్టే ఈ ఎంజైమ్ ఒక్కటే వరి, వేరుశనగ లాంటి మొక్కల ఆకులో కరిగే ప్రొటీన్‌లో సగం దాకా ఉంటుంది. రాగి సీ-ఫోర్ మొక్క (కార్బన్ డయాక్సైడ్‌ని ముందే పోగుచేసి రుబిస్కోకి అందించే రకం) కాబట్టి దాని ఆకులో ఈ బెడద కొంత తక్కువ. రుబిస్కో పెద్ద ముక్క జెల్ మీద 55 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువు కొలత) దగ్గర లావుపాటి దిమ్మలా కూర్చుంటుంది. మీరు వెతికే ప్రొటీన్ కూడా అదే ఎత్తులో ఉంటే ఏ పద్ధతి వాడినా ఆ ఇబ్బంది తప్పదు.

ఉత్త బఫర్

ఎంజైమ్ బతికి ఉండాలంటే ఇదొక్కటే దారి. 50 నుంచి 100 మిల్లీమోలార్ ట్రిస్ లేదా ఫాస్ఫేట్, పీహెచ్ 7.5 చుట్టూ, ఒక మిల్లీమోలార్ ఈడీటీఏ (లోహాల్ని పట్టేసేది), కొంచెం డీటీటీ (ఆక్సిడేషన్ ఆపేది), పది శాతం గ్లిసరాల్, ఒకటి రెండు శాతం పీవీపీపీ, అప్పటికప్పుడు కలిపిన పీఎంఎస్ఎఫ్ (ప్రొటియేజుల్ని ఆపేది). అంతా మంచు మీద. పెరాక్సిడేజ్, కేటలేజ్, నైట్రేట్ రిడక్టేజ్ లాంటివి కొలవాలంటే మిగతా మూడు పద్ధతుల వైపు చూడనే వద్దు, అవన్నీ ప్రొటీన్‌ని మడత విప్పి చంపేస్తాయి.

పీవీపీపీ నీళ్ళలో కరగదు, కలిపిన రోజున బఫర్ అడుగున పిండిలా కూర్చుంటుంది. కంగారు పడకండి, అది ఫినాలిక్‌లను పట్టుకుని సెంట్రిఫ్యూజ్‌లో పిప్పితో పాటు కిందకి పోవడానికే ఉంది. పీవీపీపీకి బదులు పీవీపీ డబ్బా పట్టుకొచ్చేవాళ్ళు ఉంటారు. అది కరుగుతుంది, ద్రావణంలోనే ఉండిపోతుంది, తరవాతి కొలతలకి అడ్డొస్తుంది.

పీఎంఎస్ఎఫ్ విషయంలో నేనే ఒక ఏడాది బుద్ధి తక్కువ పని చేశాను. పొద్దున తొమ్మిదికి లీటరు బఫర్‌లో పీఎంఎస్ఎఫ్ కలిపి పెట్టుకుని సాయంత్రం దాకా అదే వాడాను. నీళ్ళలో అది నిలవదు. గది వేడిలో పీహెచ్ 8 దగ్గర అరగంట దాటేసరికి సగం పోతుంది, పీహెచ్ 7.5లో గంటలోపే. మధ్యాహ్నం తరవాత తీసిన శాంపిల్స్‌లో బ్యాండ్లు పలచబడుతూ పోయాయి. మొక్కకి ఎండ తగిలి అలా అయిందని ఒక అందమైన కథ అల్లుకుని గైడుకి చెప్పాను కూడా. ఐసోప్రొపనాల్‌లో స్టాక్ చేసుకుని, నూరే ముందు ట్యూబు ట్యూబుకీ కలపాలి.

ఇక పులుపు ఆకులు. గోంగూర, చింతచిగురు, చుక్కకూర నూరగానే వాక్యూల్‌లోని ఆమ్లం బయటికొస్తుంది. 50 మిల్లీమోలార్ బఫర్ దానికి ఆగదు. పీహెచ్ 8తో మొదలుపెట్టాననుకుంటారు, కాగితం ముంచి చూస్తే ఐదు కిందకి పోయి ఉంటుంది, ప్రొటీన్‌లో మంచి భాగం పిప్పితో అడుగుకి చేరి ఉంటుంది. పీహెచ్ కాగితం లేకపోయినా రంగు చెబుతుంది. గోంగూర పొయ్యి మీద పెట్టగానే ఆకుపచ్చ పోయి గోధుమరంగు తిరుగుతుందే, ఆమ్లానికి క్లోరోఫిల్‌లోంచి మెగ్నీషియం ఊడిపోవడం వల్ల అది. మంచు మీద ఉన్న ట్యూబులోనూ అదే రంగు కనబడితే మీ బఫర్ ఓడిపోయిందని అర్థం. బఫర్ బలం 200, 300 మిల్లీమోలార్‌కి పెంచండి, ఆకుకి బఫర్ పాళ్ళు కూడా పెంచండి. జిగురు మాత్రం దీనివల్ల పోదు.

ఎస్‌డీఎస్‌లో ఉడకబెట్టడం

ఎస్‌డీఎస్ అంటే గట్టి డిటర్జెంట్. అందరూ చిన్నచూపు చూసే పద్ధతి, నాకు చాలా ఇష్టమైన పద్ధతి. లిక్విడ్ నైట్రోజన్‌లో పొడి చేసిన ఆకు 100 మిల్లీగ్రాములు, 1970 నుంచి అందరూ వాడుతున్న లామ్లీ బఫర్ (ఎస్‌డీఎస్, మెర్కాప్టోఇథనాల్, నీలిరంగు కలిసినది) 300 నుంచి 500 మైక్రోలీటర్లు, 95 డిగ్రీల్లో ఐదు నిమిషాలు, సెంట్రిఫ్యూజ్‌లో ఒక స్పిన్, పై ద్రవం తీసి జెల్‌లో పోయడం. గంటలో పని అయిపోతుంది. కణంలోని ప్రొటియేజులు కోలుకునే లోపే ఉడికిపోతాయి, పొరల్లో ఇరుక్కున్న ప్రొటీన్లు కూడా బయటికొస్తాయి. హీట్ బ్లాక్ పాడై నీళ్ళు మరిగించుకోవాల్సి వచ్చినా మనకి బాధ లేదు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైనుంది, ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి.

రాగి, మొక్కజొన్న, టమాటా, మిరప లేత ఆకు, అరాబిడాప్సిస్ (ల్యాబుల్లో పెంచే చిన్న ప్రయోగాల మొక్క): వీటిమీద వెస్టర్న్ ఒక్కటే మీ పని అయితే ఇక్కడే ఆగండి. రెండు రోజుల ఫినాల్ పద్ధతి చేసి తెచ్చిన బ్లాట్‌కీ దీనికీ తేడా చాలాసార్లు కనబడదు. ఫినాల్ చేసినవాళ్ళు ఈ మాటకి నొచ్చుకుంటారు.

చిక్కు కొలతలో ఉంది. బ్రాడ్‌ఫర్డ్, బీసీఏ రెండూ ప్రొటీన్ ఎంతుందో రంగుతో చెప్పే పరీక్షలు. ఈ బఫర్‌లోని ఎస్‌డీఎస్ బ్రాడ్‌ఫర్డ్‌ని చెడగొడుతుంది, మెర్కాప్టోఇథనాల్ బీసీఏని చెడగొడుతుంది. కాబట్టి ఆకు బరువు సమానంగా తూచి, ఒక చిన్న జెల్ నడిపి కూమసీ రంగు వేసి, లేన్లు సమానంగా ఉన్నాయో లేదో చూసుకుని, దాన్నిబట్టి సరిదిద్దుకోవాలి. లేదంటే మెర్కాప్టోఇథనాల్, నీలిరంగు లేని ఎస్‌డీఎస్ బఫర్‌లో తీసి, బీసీఏ చేసుకుని, తరవాత అవి కలుపుకోండి. శాంపిల్ పిపెట్‌కి తీగలా సాగితే అది డీఎన్ఏ, కాసేపు సోనికేట్ చేయండి (శబ్దతరంగాలతో దాన్ని ముక్కలు చేయడం). మామిడి, గోంగూర, అరటిపండు గుజ్జు మీద ఈ పద్ధతి వద్దు. ఫినాలిక్‌లూ, జిగురూ అన్నీ ప్రొటీన్‌తో పాటే జెల్‌లోకి దిగుతాయి.

టీసీఏ-అసిటోన్

టీసీఏ (ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం), ఫినాల్ రెండూ మొక్కల ప్రొటీన్లకి ఇప్పుడు వాడే రూపంలో 1986లోనే పేరు తెచ్చుకున్నాయి. టీసీఏ-అసిటోన్‌ని ఫ్రాన్సులో గోధుమ మొలకల మీద, ఫినాల్‌ని అమెరికాలో బార్లీ మీద వాడి చూపించారు. రెండూ టూ-డీ జెల్ కోసం పుట్టినవే.

పాలలో నిమ్మరసం పిండితే విరిగినట్టు, పది శాతం టీసీఏ కలిపిన చల్లటి అసిటోన్‌లో ప్రొటీన్ విరిగి అడుగుకి పడుతుంది. ప్రొటియేజులూ, పాలీఫినాల్ ఆక్సిడేజూ కూడా అదే క్షణంలో విరిగిపోతాయి, కాబట్టి అవి చేసే నష్టం అక్కడితో ఆగుతుంది. ఆకుపచ్చ, కొవ్వు, ఫినాలిక్‌లలో చాలా భాగం అసిటోన్‌తో పోతాయి. నూరిన పొడిని 0.07 శాతం మెర్కాప్టోఇథనాల్ కూడా కలిసిన ఆ ద్రావణంలో మైనస్ 20లో ముప్పావుగంట నుంచి గంట ఉంచి, స్పిన్ చేసి, టీసీఏ లేని చల్లటి అసిటోన్‌తో పెల్లెట్ (అడుగున చేరిన ముద్ద) తెల్లబడే దాకా కడగడమే పని. ఖర్చు తక్కువ, పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి అయిపోతుంది. వరి, గోధుమ, వేరుశనగ లేత ఆకులు, మొలకలు: వీటి టూ-డీకి నేను ముందు దీన్నే ప్రయత్నిస్తాను.

దీని శాపం పెల్లెట్ కరగకపోవడం. కొత్తవాళ్ళు అసిటోన్ వాసన పోవాలని స్పీడ్‌వ్యాక్‌లో అరగంట పెట్టేస్తారు, అది ఎండిన సున్నం పెళ్ళలా తయారై యూరియాలో రెండు రోజులు నానినా కదలదు. గాలికి ఐదు పది నిమిషాలు పెట్టి, అంచులు ఎండుతున్నట్టు కనబడగానే యూరియా, థయోయూరియా, చాప్స్ అనే డిటర్జెంట్ ఉన్న బఫర్ పోసేయండి. కరగడం లేదని వేడి చేయొద్దు. 37 డిగ్రీలు దాటితే యూరియా నుంచి వచ్చే సయనేట్ ప్రొటీన్‌కి అతుక్కుని దాని విద్యుదావేశం మార్చేస్తుంది, టూ-డీలో ఒక చుక్క ఉండాల్సిన చోట మూడు నాలుగు చుక్కలు వరసగా కనబడతాయి. రాత్రంతా టీసీఏలో వదిలేసినా ప్రొటీన్ దెబ్బతింటుంది. ఇక పెల్లెట్‌లో టీసీఏ మిగిలిపోతే లామ్లీ బఫర్ నీలంలోంచి పసుపుకి తిరుగుతుంది. అప్పుడు మళ్ళీ నీలం వచ్చేదాకా పీహెచ్ సరిచేయని ట్రిస్ కొద్దికొద్దిగా కలిపితే చాలు, శాంపిల్ పారేయనక్కర్లేదు.

జిగురు మాత్రం పోదు. పాలీశాకరైడ్లు అసిటోన్‌లో ప్రొటీన్‌తో పాటే కింద పడతాయి. గోంగూర అమ్మాయి రెండోసారి ఈ పద్ధతే చేసి వచ్చింది. ఈసారి జిగురు తెల్లగా ఉంది, అంతే తేడా.

ఫినాల్

మొండి ఆకులకి మొండి మందు. ఒక గ్రాము పొడికి మూడు మిల్లీలీటర్ల బఫర్: 0.7 మోలార్ చక్కెర, 0.1 మోలార్ పొటాషియం క్లోరైడ్, 0.5 మోలార్ ట్రిస్, 50 మిల్లీమోలార్ ఈడీటీఏ, రెండు శాతం మెర్కాప్టోఇథనాల్, పీఎంఎస్ఎఫ్. దానికి సమానంగా ట్రిస్‌తో పీహెచ్ 8కి తెచ్చిన ఫినాల్. నాలుగు డిగ్రీల్లో అరగంట ఊపి స్పిన్ చేస్తే రెండు పొరలవుతాయి. ప్రొటీన్ ఫినాల్‌లోకి పోతుంది. చక్కెరలు, జిగురు, డీఎన్ఏ, ఆమ్లాలు నీటి పొరలో ఉండిపోతాయి. గోంగూరకి కావలసింది సరిగ్గా ఇదే. అర మోలార్ ట్రిస్ ఉండటం వల్ల పులుపు కూడా దీన్ని కదిలించలేదు.

ఇక్కడ చక్కెర ఎందుకో తెలుసుకుని చేయండి. మామూలుగా ఫినాల్ బరువు, కింద ఉంటుంది. చక్కెర కలిపితే నీటి పొర బరువెక్కి కిందకి పోతుంది, ఫినాల్ పైకి వస్తుంది. అప్పుడు పిప్పిని కదిలించకుండా పైనుంచి ఫినాల్ తీసుకోవచ్చు. డీఎన్ఏ పనిలో అలవాటైన చేయి పైపొర నీళ్ళనుకుని దాచుకుని, ఏది ఫినాలో చూడకుండా రెండోది పారేస్తుంది. పారబోసే డబ్బాలో ప్రొటీన్ పోసి, నీళ్ళకి మిథనాల్ కలిపి రాత్రంతా ఎదురుచూసినవాళ్ళు మా ల్యాబులోనే ఇద్దరున్నారు. అనుమానం వస్తే ఏ పొరనీ పారేయకండి. ఆర్ఎన్ఏ కోసం కొన్న ఆమ్ల ఫినాల్ సీసా కూడా దీనికి పనికిరాదు.

తీసిన ఫినాల్‌ని కొత్త బఫర్‌తో ఇంకోసారి కడిగి, 0.1 మోలార్ అమ్మోనియం అసిటేట్ ఉన్న చల్లటి మిథనాల్ ఐదింతలు పోసి, మైనస్ 20లో రాత్రంతా ఉంచాలి. పొద్దున తెల్లటి తెరలు తెరలుగా ప్రొటీన్ కనబడుతుంది. మిథనాల్‌తో, తరవాత అసిటోన్‌తో కడగాలి. రెండు రోజుల పని. టీసీఏ పెల్లెట్‌తో పోలిస్తే ఇది బాగా కరుగుతుంది. చక్కెర గొలుసులున్న గ్లైకోప్రొటీన్లు కూడా ఇందులో ఎక్కువ వస్తాయని టమాటా మీద చేసిన పోలికల్లో తేలింది. మామిడి, అరటి, ద్రాక్ష, బచ్చలి, బెండ, పండిన పండ్లు: వీటికి ఇదే.

మామిడి ఆకు లాంటి దానికి నేను రెండిటినీ కలుపుతాను. ముందు పొడిని టీసీఏ-అసిటోన్‌తో రెండుసార్లు, ఉత్త అసిటోన్‌తో రెండుసార్లు కడిగి, ఆ తెల్లటి పొడి మీద ఎస్‌డీఎస్ ఉన్న బఫర్, ఫినాల్ పోస్తాను. ఫినాలిక్‌లను అసిటోన్ పట్టుకెళ్తుంది, పాలీశాకరైడ్లను ఫినాల్ పక్కనపెడుతుంది. కడిగిన ప్రతిసారీ కొంత ప్రొటీన్ పోతుంది కాబట్టి శాంపిల్ రెండు గ్రాములైనా ఉంటేనే ఇది చేయండి.

జాగ్రత్త గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఫినాల్ చర్మం మీద పడితే మొదట మంట తెలియదు, అది నరాలని మొద్దుబారుస్తుంది, తెల్లమచ్చ కనబడేసరికి లోపలికి పోయి ఉంటుంది. ఒంట్లోకి ఎక్కువ పోతే ప్రాణానికే ముప్పు. ఫ్యూమ్ హుడ్‌లోనే పని, నైట్రైల్ గ్లవ్స్ రెండు జతలు, పడితే వెంటనే మార్చడం, పక్కన పాలీఇథిలీన్ గ్లైకాల్ సీసా (ఒంటిమీద పడ్డ ఫినాల్ తుడవడానికి), కళ్ళద్దాలు, కాళ్ళకి చెప్పులు కాదు బూట్లు. పాలీస్టైరీన్, పాలీకార్బొనేట్ ట్యూబుల్ని ఫినాల్ తినేస్తుంది, పాలీప్రొపిలీన్ వాడండి. సింకులో పోయొద్దు. మీ ల్యాబులో ఫ్యూమ్ హుడ్ పనిచేయకపోతే ఈ పద్ధతి మీకు లేదనుకోండి, టీసీఏతోనే ఏదో ఒకటి చేసుకోండి. అన్నట్టు మెర్కాప్టోఇథనాల్ వాసన బట్టలకి పట్టి పీజీ దాకా వస్తుంది. మారతహళ్ళిలో నా రూమ్మేట్ ఒక నెలపాటు గ్యాస్ లీకవుతోందని ఓనరుతో పోట్లాడింది.

కిట్లు

డబ్బులుంటే కొనండి. పది శాంపిల్స్‌కి, అందులోనూ మెత్తటి ఆకులకి, సుఖంగానే ఉంటాయి. కానీ బఫర్‌లో ఏముందో పూర్తిగా చెప్పరు, ఏ కొలత చెడిపోతుందో మీకు తెలియదు. మొండి ఆకులకి కాలమ్ జిగురుతో మూసుకుపోతుంది. ఎమ్మెస్సీ నాలుగు నెలల ప్రాజెక్టులో ఆర్డరు పెట్టి డబ్బా కోసం వారాల తరబడి కూర్చోవడం కంటే అసిటోన్ సీసా తెరవడం మేలు.

గింజలైతే

జనవరి అంటే బెంగళూరులో అవరెకాయల కాలం, మన అనపకాయలే. ఏ బండి మీద చూసినా అవే, ల్యాబులో కూడా ఒకరిద్దరు వాటి మీదే ప్రాజెక్టు పెట్టుకుంటారు. గింజల్లో ఫినాలిక్‌ల గొడవ తొక్కలోనే ఎక్కువ, నానబెట్టి తొక్క తీస్తే సగం బాధ పోతుంది. పప్పుజాతి గింజల్లో నిల్వ ప్రొటీన్లు చాలామటుకు గ్లోబ్యులిన్లు, ఉప్పునీళ్ళలో కరుగుతాయి. ఫాస్ఫేట్ బఫర్‌లో అర మోలార్ నుంచి ఒక మోలార్ దాకా ఉప్పు వేస్తే సులువుగా వస్తాయి. వేరుశనగలో దాదాపు సగం నూనే కాబట్టి ముందు హెక్సేన్‌తో నూనె తీయకపోతే సెంట్రిఫ్యూజ్‌లో పైన మీగడలా కట్టి ప్రొటీన్‌ని పట్టుకుంటుంది. రాగి, జొన్నల్లో ప్రోలమిన్లు ఉంటాయి, అవి నీళ్ళకీ ఉప్పుకీ లొంగవు, డెబ్బై శాతం ఆల్కహాల్, కొంచెం మెర్కాప్టోఇథనాల్ కావాలి. రాగి గింజని ట్రిస్‌లో నూరి "ప్రొటీన్ చాలా తక్కువగా ఉంది" అని రాస్తే, తక్కువైంది గింజలో కాదు.

ఎంత వచ్చిందో కొలవడం

పద్ధతి ఎంచుకునేటప్పుడే కొలతనీ ఎంచుకోండి. 1976 నాటి బ్రాడ్‌ఫర్డ్ 595 నానోమీటర్ల దగ్గర చదువుతుంది, డీటీటీకి, మెర్కాప్టోఇథనాల్‌కి ఓర్చుకుంటుంది, డిటర్జెంట్లకి ఓర్చుకోదు. ఉత్త బఫర్‌కీ, పలచన చేసిన యూరియా శాంపిల్‌కీ అదే సరి. బీసీఏ ఎస్‌డీఎస్‌కి ఓర్చుకుంటుంది, రెడ్యూసింగ్ ఏజెంట్లకి ఓర్చుకోదు. 1951 నాటి లోరీని మొక్కల ఆకులకి వాడాలని ఎవరైనా అంటే నేను వద్దంటాను. ఆకులోని ఫినాలిక్‌లే ఆ రసాయనంతో నీలం తెస్తాయి, ప్రొటీన్ లేని ట్యూబులో కూడా ఉందని చెబుతుంది. బీసీఏలోనూ ఆ మోసం కొంత ఉంది. మురికి ఆకులో ప్రొటీన్ ఎక్కువగా, శుభ్రంగా కడిగిన దాంట్లో తక్కువగా కనబడి, "టీసీఏలో ప్రొటీన్ పోయింది" అని నిర్ణయానికి వచ్చేవాళ్ళు చాలాసార్లు కొలిచింది ఫినాలిక్‌లనే. అందుకే అంకె చూసి నమ్మకుండా జెల్ నడపండి.

మాస్ స్పెక్‌కి పంపాలంటే ఎస్‌డీఎస్, ట్రైటాన్ రెండూ విషం, సిగ్నల్‌ని మింగేస్తాయి. ఎస్‌డీఎస్‌లోనే తీయాల్సి వస్తే, శాంపిల్‌ని జెల్‌లో ఒక సెంటీమీటరు మాత్రం నడిపి, ఆ ముక్క కోసి, జెల్‌లోనే ట్రిప్సిన్ (ప్రొటీన్‌ని ముక్కలు కోసే ఎంజైమ్) కలపండి, డిటర్జెంట్ కడుగులో పోతుంది. ఇంకో సంగతి: డిసెంబరు, జనవరిలో చలికి ఉన్ని స్వెటర్ వేసుకుని బెంచీ మీద కూర్చోకండి. ఉన్ని అంటే గొర్రె కెరాటిన్. మిరప ఆకులో గొర్రె ప్రొటీన్ కనుక్కున్న ఘనత నాకొద్దు.

శాంపిల్ తెచ్చేటప్పుడు

పద్ధతి ఎంత బాగున్నా ఆకు దారిలోనే చచ్చిపోతే లాభం లేదు. హెసరఘట్ట వైపు పొలంలో పొద్దున కోసి, కవరులో వేసుకుని, హెబ్బాళ ఫ్లైఓవర్ మీద గంటన్నర నిలబడి ల్యాబుకి వచ్చిన ఆకులో మీరు కొలిచేది ఎండకి, దాహానికి అది పడిన బాధనే. చెట్టు దగ్గరే లిక్విడ్ నైట్రోజన్‌లో వేయాలి, కుదరకపోతే డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) పొడిలో పాతిపెట్టాలి. డ్రై ఐస్ పెట్టె కారులో ఉంటే కిటికీలు తెరిచి ఉంచండి, గాలి ఆడకపోతే కార్బన్ డయాక్సైడ్‌కి స్పృహ తప్పుతుంది. అన్ని మొక్కలనుంచీ ఒకే వేళకి, ఒకే వయసు ఆకు కోయండి. ల్యాబులో మైనస్ 80 నుంచి తీసిన పొడి కరిగే లోపే ద్రావణం దాని మీద పడాలి. పొడి తడిగా ముద్దయిందంటే వాక్యూల్ తన పని మొదలుపెట్టేసింది.

ఏదీ తేల్చుకోలేకపోతే ఒక వారం ఖర్చు పెట్టండి. ఒకే ఆకు పొడిని బాగా కలిపి, 200 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు ట్యూబులు తూచి, నాలుగు పద్ధతులూ చేసి, పక్కపక్క లేన్లలో ఒకే జెల్ మీద నడపండి. గోంగూర అమ్మాయి చేత అదే చేయించాను. ఉత్త బఫర్ లేన్‌లో రుబిస్కో తప్ప ఏమీ లేదు, ఎస్‌డీఎస్ లేన్ పైనుంచి కింద దాకా మరక, టీసీఏ లేన్‌లో బ్యాండ్లున్నాయి కానీ వంకరపోయాయి, ఫినాల్ లేన్ గీతలు గీసినట్టు వచ్చింది. ఆ జెల్ ఫోటో చూశాక గైడు కూడా ఏమీ అడగలేదు.

ఆ వారంలో ఆమె ఒక రోజు నష్టపోయింది కూడా. ట్యూబుల మీద పేర్లు మార్కర్‌తో రాసింది, అసిటోన్ ఒక చుక్క కారగానే రెండు ట్యూబుల పేర్లు తుడిచిపెట్టుకుపోయాయి. మిథనాల్ కూడా అంతే. మూత మీద సూదితో గీసుకోండి, లేదంటే కాగితం మీద పెన్సిల్‌తో రాసి టేపు చుట్టండి.